పాతబస్తీలో ఊరితల్లి పండుగ

ఆషాఢమాసమును మన పెద్దలు శూన్యమాసమని పేర్కొందురు. ఆ మాసమున పెండ్లిండ్లుండవు, గృహప్రవేశములుండవు. క్రొత్తకోడండ్రు అత్తవారిండ్లు విడిచి పుట్టినిండ్లకు వచ్చియుందురు. శుభకార్యములకు పనికిరాదని ప్రక్కకు నెట్టిన ఈ మాసముననే హైదరాబాదు నగరము తన మహోత్సవమును జరుపుకొనును. గోలకొండ కోటలోని జగదంబిక ఆలయమున ఆరంభమై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహాంకాళి సన్నిధికి సాగి, మాసాంతమునకు మూసీ దక్షిణపుటొడ్డుననున్న పాతబస్తీలో పరాకాష్ఠ నొందు ఆ ఉత్సవమే బోనాలు.

పాతబస్తీ యనగానే దూరప్రాంతముల పాఠకునకు చార్మినారు, మక్కా మసీదు, లాడ్‌బజారు గాజులు స్ఫురించును. అది నిజమే, కాని అంతయు కాదు. చార్మినారునకు దక్షిణముగ శాలిబండ వైపు నడచి ప్రక్కవీథులలోనికి మరలినచో లాల్‌దర్వాజా సింహవాహినీ మహాంకాళి, హరిబౌలి అక్కన్న మాదన్న మహాంకాళి ఆలయములు కనవచ్చును. గౌలిపురా, సుల్తాన్‌షాహి, ఉప్పుగూడ, మీరాలంమండి మొదలగు పేటలన్నింటికిని వేరువేరు అమ్మవార్లు కలరు. వీథుల పేర్లలో పారసీకమును ఉర్దూయు వినిపించును. ఆ వీథులలోని తల్లులను పిలుచు పిలుపులో మైసమ్మ, పోచమ్మ, ఎల్లమ్మ, ముత్యాలమ్మ అని తెలుగు వినిపించును. ఏ పేటవారినైనను ‘మీ అమ్మవారెవరు?’ అని అడిగినచో తడుముకొనక చెప్పుదురు.

ఊరితల్లి పండుగను గూర్చి గర్వముగ మాటలాడుట నేడు అందరికిని అలవాటైనది. అయితే అందులో గర్వింపదగినది ఏది, దేనిని నిలుపుకొన్నచో పండుగ నిలిచినట్లగును, దేనిని పోగొట్టుకొన్నచో పేరుమాత్రమే మిగులును అను విచారణ అంతగా జరుగుట లేదు. పాఠశాలలలో సంస్కృతిని బోధించువారికిని, నేర్చుకొనువారికిని ఆ విచారణయే ముఖ్యము.

అమ్మకు పెట్టు అన్నము

బోనమను మాట భోజనమునకు వికృతి. ప్రకృతి వికృతులను పాఠముగ చదువుకొను విద్యార్థికి ఈ ఒక్క పదమునందే పండుగ అర్థమంతయు దొరకును. ఆదివారమునాడు ఇల్లాలు వేకువనే లేచి ఇల్లు కడిగి, తలస్నానము చేసి, క్రొత్తకుండలో అన్నము వండును. కొందరు పాలు, బెల్లము చేర్చి పరమాన్నము వండుదురు. కొందరు పసుపు కలిపిన అన్నమును, మరికొందరు పెరుగన్నమును సిద్ధము చేయుదురు. కుండకు సున్నము, పసుపు, కుంకుమ పెట్టి, మెడచుట్టును వేపమండలు కట్టుదురు. మీద మూతయుంచి, ఆ మూతపై దీపము వెలిగింతురు. అటుపై ఆ బోనమును తలపై పెట్టుకొని, దప్పుల మ్రోత ముందు నడువగా, కుటుంబమంతయు ఆలయమునకు బయలుదేరును.

ఈ ఊరేగింపులో స్త్రీయే ప్రధానము. పురుషుడు దప్పు వాయించును, దారి చూపును, జనమును సర్దును. దీపము ఆరకుండ, కుండ కదలకుండ నడచు బాధ్యత మాత్రము ఆమెది. దేవతకును భక్తురాలికిని నడుమ మంత్రము లేదు. వండినది తెచ్చి పెట్టుట, పసుపునీరు వేపాకు కలిపిన సాకను పోయుట, చీర గాజులు సమర్పించుట, చల్లగ చూడుమని కోరుట, ఇంతే పూజావిధానము. ఆలయములలో అర్చకులున్నను, పండుగ బరువంతయు వంటయింటి మీదనే నిలిచియున్నది.

బోనముల ముందు పోతరాజు నడచును. ఒడలెల్ల పసుపు, ఎఱ్ఱని ధోవతి, కాళ్లకు గజ్జెలు, నడుమునకు వేపమండలు, చేత కొరడా అతని వేషము. హైదరాబాదు వాడుకలో అతడు అమ్మవారికి తమ్ముడు. మదరాసు బిషప్పుగ నుండిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి వ్రాసి 1916లో ప్రకటించిన గ్రంథమున, తెలుగుదేశమున పోతరాజును ఒకచోట అమ్మవార్ల తమ్మునిగను, మరియొకచోట భర్తగను చెప్పుదురని గుర్తించినాడు. బంధుత్వము మారినను కావలివాని పని మారలేదు. అక్క వెంట తమ్ముడు నడచినట్లు పోతరాజు నడచును.

వెఱపు నుండి పుట్టిన మొక్కు

ఈ పండుగ ఆషాఢముననే ఏల వచ్చును? తొలకరి వానలతో పాటు నీటివలన వ్యాపించు రోగములు పెచ్చుపెరుగు కాలమది. వైద్యము అందుబాటులో లేని దినములలో కలరా, మశూచి ఒక వాడలో ప్రవేశించినచో ఇండ్లకిండ్లు శూన్యమయ్యెడివి. ఆనాటి జనము రోగమునకు ఒక రూపమును, ఒక పేరును కల్పించి, ఆమెను తల్లియని పిలిచి, అన్నము పెట్టి, ఊరిపొలిమేర దాటించిరి. వేపాకు, పసుపు పండుగలో అంతటి స్థానము పొందుటకు కారణము కూడ ఇదియే.

సికింద్రాబాదు ఉజ్జయినీ మహాంకాళి కథ ఇందుకు తార్కాణము. సైన్యమున డోలీ మోయు పనిలోనున్న సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో నున్నప్పుడు కలరా ప్రబలెనని, అది శాంతించినచో స్వస్థలమున అమ్మవారిని నిలుపుదునని అతడు మొక్కుకొనెనని, 1815లో సికింద్రాబాదున కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెనని చెప్పుకొందురు. రాజులు కట్టించిన ఆలయముల చరిత్రలు మనకు చాల తెలియును. భుజముపై డోలీ మోసిన ఒక మనుష్యుని మొక్కు నుండి పుట్టిన ఆలయచరిత్ర ఇది.

పాతబస్తీ జ్ఞాపకములో రోగముతోపాటు వరద కూడ కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినది. సుమారు పదునైదువేలమంది మరణించిరి. అఫ్జల్‌గంజ్‌లో, నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణముగ నున్న చోట, ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. ఆ విపత్తువేళ ప్రధానమంత్రి మహారాజా కిషన్ ప్రసాద్ సలహాపై ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ లాల్‌దర్వాజా అమ్మవారికి మొక్కెనని, పసుపు కుంకుమలు, ముత్యములు బంగారు చాటలో నుంచి మూసీకి సమర్పించెనని పాతబస్తీ వారు తరతరములుగ చెప్పుకొనుచున్నారు. ముసల్మాను ప్రభువు, హిందూ మంత్రి, తెలుగు అమ్మవారు ఒకే కథలో కలిసికొనుట ఈ నగరమునకే చెల్లినది. కథ ఇంతటితో ఆగదు. ఆ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి నగరమునకు ఎగువన 1920 నాటికి ఉస్మాన్‌సాగరును, 1927 నాటికి హిమాయత్‌సాగరును నిర్మించిరి. నదికి పసుపు కుంకుమ నిచ్చిన నగరమే ఆనకట్టయు కట్టినది. భక్తి యున్నచోట బుద్ధి యుండదని తలచువారికి ఈ రెండు కార్యములును కలిపి చెప్పవలసియున్నది.

ఇచట ఒక సందేహము పుట్టును. మశూచి ఇప్పుడు లేదు. భారతదేశమున అది అంతరించినదని 1977లోను, ప్రపంచమంతట అంతరించినదని 1980లోను నిపుణులు నిర్ధారించిరి. కలరాకు మందు వచ్చినది. ఏ వెఱపున పోచమ్మకు బోనము పెట్టిరో ఆ వెఱపే తొలగినప్పుడు బోనము ఏల తొలగలేదు? తొలగకపోగా, ఏటేట మరింత పెరుగుచున్నదేల?

ఆడబిడ్డ రాక

ఈ ప్రశ్నకు సమాధానము పండుగ నడకలోనే యున్నది. ఆషాఢమున అమ్మవారు పుట్టినింటికి వచ్చునని జనుల నమ్మిక. ఘటమనగా అమ్మవారి రూపముగ అలంకరించిన కలశము. దానికి ఎదురేగి తెచ్చుటను ఎదుర్కోలు అందురు. పెండ్లివారికి ఎదురేగుటకును ఇదే మాట. ఆమెకు చీర పెట్టుదురు, గాజులు తొడుగుదురు, ఒడిబియ్యము పోయుదురు. తెలంగాణమున పుట్టినింటికి వచ్చిన ఆడబిడ్డకు చేయు మర్యాదలన్నియు ఇవియే. ఆదివారము అన్నము పెట్టి, సోమవారము సాగనంపుదురు. రోగమును పొలిమేర దాటించు పాత ఆచారము, ఆడబిడ్డను అత్తవారింటికి పంపు ఆచారముతో కలిసిపోయి, వెఱపు స్థానమున వాత్సల్యము నిలిచినది. రోగము అంతరించినను ఆడబిడ్డ రాక అంతరింపదు కదా!

అమ్మవారు వచ్చిన దినమున ఇంటి ఆడబిడ్డలును వత్తురు. పాతబస్తీ నుండి దిల్‌సుఖ్‌నగరునకో, కూకట్‌పల్లికో, అంతకంటె దూరమునకో కాపురములు మార్చుకొన్న కుటుంబములు అనేకములు. ఇరుకు వీథి, పాత ఇల్లు, పంచుకొనగా మిగిలిన ఒక గది, వీనిని విడిచిపోయినవారు కూడ బోనాల ఆదివారమున అన్నయింటికో, పినతల్లి యింటికో చేరుకొందురు. క్రొత్త ఇంటి దగ్గర ఆలయములు లేకపోలేదు. అయినను తమ బోనము తమ తల్లికే చెందవలయునని వారి పట్టుదల. సంవత్సరములో తక్కిన దినములలో పలుకరించుకొనని దాయాదులు ఆనాడు ఒకే పొయ్యి దగ్గర కూర్చుందురు.

మెక్సికో ఊళ్లలో

ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క రక్షక దైవముండుట, ఆ దైవము పండుగకు ఊరు విడిచినవారు తిరిగివచ్చుట మన దేశమునకే పరిమితము కాదు. భూగోళమునకు ఆవలి వైపున నున్న మెక్సికోలో ఈ రెండును మనకంటె స్పష్టముగ కనిపించును. 1521లో స్పెయిన్ వారు ఆ దేశమును జయించిన పిమ్మట, క్రైస్తవ గురువులు ఊరూరికి ఒక పునీతుని పాలకునిగ నియమించిరి. ఊరి పాతపేరునకు ముందు ఆ పునీతుని పేరు చేరినది. సాన్ హువాన్ తెయోతిహువాకాన్ అను పేరులో మొదటి సగము క్రైస్తవము, రెండవ సగము అంతకు పూర్వపు నావాతల్ భాష. 1531లో మేరీమాత గ్వాదలూపె మాతగ దర్శనమిచ్చెనని అచటివారు నమ్ము తెపెయాక్ కొండపై, అంతకు ముందు ‘మా తల్లి’ యను అర్థముగల తొనాన్త్సిన్ దేవతను కొలిచెడివారని ఆ శతాబ్దపు స్పానిష్ గురువులే వ్రాసిరి. జయించినవారి మతము వచ్చినను తల్లి స్థానము తల్లికే దక్కినది.

ఆ ఊరిపండుగను నడపుటకు ప్రతి ఊరును తనలో ఒకరిని ఎన్నుకొనును. అతనిని మయొర్దోమో అందురు. ఆ సంవత్సరపు పూలు, క్రొవ్వొత్తులు, బాణసంచా, వాద్యగాండ్రు, అన్నిటికంటె మించి ఊరందరి భోజనము అతని బాధ్యత. చాలచోట్ల ఆ భారము అతని సొంత సంపాదనను తినివేయును; కాని ఊరిలో అతని మాటకు విలువ పెరుగును. ధనవంతుడు ధనమును దాచుకొని గౌరవము పొందలేడు, ఊరికి వడ్డించి పొందవలయును. లాస్ ఏంజిలిస్, షికాగో నగరములలో కూలిపనులు చేయు మెక్సికో వలసకూలీలు తమ ఊరి పేరుతో సంఘములు పెట్టుకొని పండుగకు సొమ్ము పంపుదురు; వీలైనవారు ఆ వారము సొంత ఊరు చేరుదురు. సకాతెకాస్ వంటి రాష్ట్రములలో పండుగకై పుట్టిన ఆ చందాల అలవాటే క్రమముగ బడి కప్పునకును, మంచినీటి గొట్టములకును, బాటలకును సాయపడినది.

పాతబస్తీలో మయొర్దోమో అను పదవి లేదు. పని మాత్రము కలదు. తొట్టెల కట్టుటకు వెదురుబద్దలు, రంగుకాగితములు తెచ్చువారు, ఫలహారపు బండి అలంకరించువారు, ఘటమును మోయువారు, దప్పువారికి అన్నము పెట్టువారు, ప్రతి పేటలోను తెలిసిన ఇండ్లవారే యుందురు. ఎవరి వంతు ఏదియో వ్రాతలో లేకున్నను అందరికిని తెలియును. తాత చేసిన పని మనుమనికి వచ్చును. పండుగను ఏటేట నిలుపుచున్నది ఈ వంతులే.

సోమవారము సాగనంపుట

సోమవారమునాటి మొదటి ఘట్టము రంగము. ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి, అమ్మవారి మాటగ రాబోవు సంవత్సరమును గూర్చి పలుకును. వానలు కురియునా, పంటలు పండునా, రోగములు వచ్చునా అని భక్తులు అడుగుదురు. ఆమె ఊరడించుటయే కాక గద్దించును కూడ. ‘నన్ను సరిగ చూచుకొనలేదు’ అని నిందించును. ఏడాది పొడవున ఎవరి మాటయు ఎదిరింపని స్త్రీ నోట ఊరిపెద్దలు మందలింపు విని తలవంచుకొను గడియ అది.

మధ్యాహ్నము పేటపేట నుండి ఘటములు బయలుదేరును. హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయపు ఘటమును ఏనుగుపై ఊరేగించుట ఆచారము. కుతుబ్‌షాహీల కడపటి సుల్తాను అబుల్ హసన్ తానాషా కొలువులో అధికారము నెరపి, 1686లో హత్యకు గురియైన సోదరులు అక్కన్న మాదన్నలు. భక్త రామదాసు మేనమామలుగ పాఠశాలల పిల్లలకు సైతము వారు పరిచితులు. వారిని చంపించినవారి పేర్లు చరిత్రపుస్తకములలోనే మిగిలినవి. వారి పేరు మాత్రము ఏటేట ఏనుగుపై చార్మినారు ముందు నుండి సాగుచున్నది.

శాలిబండ, చార్మినారు, గుల్జార్ హౌజ్, పత్థర్‌గట్టి, మదీనా మీదుగ సాగి, ఘటములు నయాపూలు దగ్గర మూసీని చేరును. అచట నిమజ్జనముతో పండుగ ముగియును. ఏనుగుపై ఊరేగింపును ఈ వీథులు మరియొకమారు కూడ చూచును. మొహర్రము పదవ దినమున దబీర్‌పురాలోని బీబీకా అలావా నుండి బీబీకా ఆలమ్ ఏనుగుపై బయలుదేరి, చార్మినారు మీదుగ చాదర్‌ఘాట్ వైపు సాగును. తెలంగాణ పల్లెలలో ఆ మొహర్రమే పీర్ల పండుగగ హిందువుల ఇండ్లలో కూడ నిలిచినది. ఒకరి ఊరేగింపునకు మరియొకరు దారి విడుచుట ఈ నగరము నేర్చుకొన్న నాగరికత. ఉద్రిక్తతలు తలయెత్తిన సంవత్సరములు లేకపోలేదు. కనుకనే దారి విడిచిన సంవత్సరములను ఎక్కువగ జ్ఞాపకముంచుకొనవలసియున్నది.

తలదించుకొన్ననాడు, తలయెత్తుకొన్ననాడు

నేడు గర్వకారణమైన ఈ పండుగను గూర్చి ఒకప్పుడు చదువుకొన్నవారు సిగ్గుపడిరి. గ్రామదేవతల కొలువును క్షుద్రపూజయనిరి. పాఠ్యగ్రంథములలో దానికి చోటీయలేదు. సాహిత్యము మాత్రము అంతకు ఎంతో ముందే ఈ దేవతలను చూచినది. కాకతీయుల కాలపు ఓరుగల్లును కన్నులకు కట్టించు క్రీడాభిరామమున ఏకవీరాదేవి కొలువు కలదు, మైలారు భటుల సాహసములు కలవు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాయునప్పుడు ఇట్టి కావ్యముల నుండియే జనజీవనమును త్రవ్వి తీసినాడు. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని తెచ్చినది ఆ గ్రంథమే. ఆ దశకముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజు జానపదగేయములపై సిద్ధాంతగ్రంథము సమర్పించినాడు. పల్లెపాట, గ్రామదేవత, జాతర చదువుల కోవెలలో అడుగుపెట్టిన కాలమది.

తరువాత తెలంగాణ ఉద్యమము బోనమును, బతుకమ్మను తన గుర్తులుగ ఎత్తుకొన్నది. 2014లో క్రొత్త రాష్ట్రము ఏర్పడగనే ఈ రెండింటిని రాష్ట్రపండుగలుగ ప్రకటించిరి. లండను మొదలగు నగరములలోని తెలంగాణ సంఘములవారు సైతము నేడు బోనమెత్తుచున్నారు. తలదించుకొన్న తరమునకు మనుమలు తలయెత్తుకొని నడచుట సంతోషింపదగిన విషయము.

అయితే మెక్సికో చరిత్రలో ఇచట ఒక హెచ్చరిక కూడ కలదు. ఆ దేశపు దక్షిణభాగమున వహాకా అను ప్రాంతము కలదు. అచటి సాపొతెక్ జనులలో గెలగెత్సా అను ఆచారముండెను. ఒక ఇంట పెండ్లి యైనను, పండుగ యైనను ఇరుగుపొరుగువారు కోడినో, మొక్కజొన్ననో, కొంత సొమ్మునో తెచ్చియిత్తురు. పుచ్చుకొన్నవారు దానిని వ్రాసియుంచుకొని, వారి ఇంట కార్యమైనప్పుడు అంతయు తిరిగి ఇత్తురు. మన పెండ్లిండ్లలోని చదివింపుల వంటిదే. 1932లో వహాకా నగరము నాలుగువందల ఏండ్ల ఉత్సవము చేసికొన్నప్పుడు వివిధ ప్రాంతములవారిని పిలిపించి వారి నృత్యములను ప్రదర్శించిరి. ఆ ప్రదర్శనము ఏటేటి ఉత్సవమై, పిమ్మట గెలగెత్సా అను పేరునే ధరించినది. ఇప్పుడు జూలై నెల ఉత్తరార్ధమున రెండు సోమవారములు కొండపైని రంగస్థలమున అది జరుగును. మంచి ఆసనములకు టిక్కెట్టు కొనవలయును. ఇరుగుపొరుగుల ఇచ్చిపుచ్చుకోలునకు పేరైన మాట, వెల పెట్టి చూడవలసిన వేడుకకు పేరైనది. 2006లో సమ్మెలో నున్న ఆ ప్రాంతపు బడిపంతుళ్లు దీనిని నిరసించి, టిక్కెట్టు లేని ప్రజల గెలగెత్సాను తామే జరిపిరి. పండుగను దాని అర్థమునకు మరలించు పనికి ఉపాధ్యాయులు పూనుకొనుట గమనింపదగినది.

పాతబస్తీ బోనములకు అట్టి స్థితి రాలేదు. కాని ఆ దారిలోని మలుపులు కనిపించుచున్నవి. మట్టికుండ స్థానమున ఇత్తడి బిందె వచ్చినది. అది పగులదు, మరుసటి ఏడును పనికివచ్చును, ఒప్పుకొనవలసినదే. అయినను ఏటేట ఒక క్రొత్తకుండ కొనవలయునను నియమము కుమ్మరి ఇంటికి పంపిన అన్నమని మరువరాదు. దప్పు వాయించు చేతులకు బదులు పెద్ద పెద్ద శబ్దయంత్రములు వచ్చినవి. వాని మ్రోతలో బోనమెత్తిన స్త్రీ పాడు పాట ఆమెకే వినిపింపదు. అమ్మవారి చిత్రపటము కంటె పెద్దవిగ నాయకుల చిత్రపటములు వీథులలో వ్రేలాడుచున్నవి. పండుగకు సర్కారు సొమ్ము వచ్చుట తప్పు కాదు. ఆ సొమ్ము వచ్చినదని పేటవారు తమ వంతులను మానుకొన్నచో తప్పగును.

అభిమానమనగా ఉన్నదంతయు నెత్తిన పెట్టుకొనుట కూడ కాదు. పండుగలోని జంతుబలి స్థానమున చాలచోట్ల గుమ్మడికాయ వచ్చినది. పండుగ దానివలన చిన్నబోలేదు. పూర్వము కొన్ని ప్రాంతములలో పేద దళిత బాలికలను దేవతకు సమర్పించి, వారి బ్రతుకులను ఊరికి బలిచేసిన జోగిని దురాచారముండెను. 1988లో చట్టము దానిని నిషేధించినది. అమ్మను పూజించు చేతులే ఒకరి కూతురిని అట్లు చేసినవను సత్యమును దాచిపెట్టి గర్వించుట గర్వము కానేరదు. వదలవలసినదానిని వదలుటకు జంకని జాతియే నిలుపుకొనవలసినదానిని ధైర్యముగ నిలుపుకొనగలదు.

2020 నేర్పిన పాఠము

పండుగ ప్రాణమెచటనున్నదో 2020వ సంవత్సరము పరీక్షించి చూపినది. ఆ ఆషాఢమున కరోనా వ్యాధి వ్యాపించియున్నందున ఆలయములలో అర్చకులు మాత్రమే పూజలు జరిపిరి. భక్తులను ఎవరి ఇండ్లలో వారు బోనము సమర్పించుకొనుడని కోరిరి. ఊరేగింపు లేదు, జనసమ్మర్దము లేదు, వేదికలు లేవు. రోగమునకు వెఱచి పుట్టిన పండుగను రోగమే ఇండ్లలోనికి నెట్టినది. అయినను పాతబస్తీ ఇండ్లలో కుండ పొయ్యి మీదికి ఎక్కినది. దీపము వెలిగినది. గడపలో నిలిచి సాక పోసిరి. వేడుకలన్నియు తొలగిన పిమ్మట మిగిలినది వంటయిల్లే.

అదే సంవత్సరము అక్టోబరులో కుండపోత వానకు చెరువులు తెగి, ఉప్పుగూడ, ఫలక్‌నుమా ప్రాంతములలోని బస్తీలు నీట మునిగినవి. వంద సంవత్సరములకు పైగ కథగ విన్న రెండు విపత్తులును, వ్యాధియు వరదయు, ఒకే ఏట తిరిగివచ్చినవి. 1908 తరువాత కట్టిన ఆనకట్టలు ఎంత అవసరమో, చెరువులను ఆక్రమింపక నిలుపుకొనుట ఎంత అవసరమో ఆ దినములు మరల తెలియజేసినవి. తెలంగాణ పల్లెలలో చెరువుకట్టపై కట్టమైసమ్మ యుండును. కట్టను కాపాడుమని ఆమెకు మ్రొక్కి, ఆ చెరువునే పూడ్చి ఇండ్లు కట్టినచో ఆ మ్రొక్కునకు అర్థమేమి?

అందుచే ఊరితల్లి పండుగను పాఠముగ చెప్పు ఉపాధ్యాయుడు తేదీలతోను, వేషవర్ణనలతోను ఆగిపోరాదు. ప్రతి విద్యార్థికిని తన ఊరిలోనో, తాతల ఊరిలోనో ఒక తల్లి యుండును. ఆమె పేరేమి? ఏ కష్టములో ఊరివారు ఆమెకు మొక్కుకొనిరి? మొదటి బోనము ఏ ఇంటిది? కుండ ఎవరు చేయుదురు, దప్పు ఎవరు వాయింతురు, వారికి ఆనాడు ముందుగ అన్నము పెట్టుదురా, చివరగ పెట్టుదురా? ఈ ప్రశ్నలను పిల్లలు నాయనమ్మలను, అమ్మమ్మలను అడిగి వ్రాసికొనివచ్చినచో, పాఠ్యగ్రంథములు విడిచిన చరిత్ర కొంత తరగతిగదిలోనికి వచ్చును. ఆ సమాధానములలో కొన్ని సంతోషమును, కొన్ని సిగ్గును కలిగింపవచ్చును. రెండింటిని వ్రాసికొనవలయును. వచ్చు ఆషాఢమున పొయ్యి దగ్గర నిలుచునది ఆ పిల్లలే. ఏ వంతు తమదియో, అది ఎందులకు వచ్చినదో తెలిసి నిలుచుట మేలు.